సలాడ్‌లో సెలరీ దొరక్కపోతే: కసుక్కు, కరకర, చిటుక్కు చూసి బదులు వేయండి

తణుకులోనో మహబూబ్‌నగర్‌లోనో ఉండి, ఫ్రూట్ సలాడ్ చేద్దామని ఫోన్‌లో ఒక వంటకం తెరుస్తారు. ఆపిల్, ద్రాక్ష, పెరుగు వరకు హాయిగా సాగుతుంది. తర్వాతి వరసలో సెలరీ కాడలు రెండు, వాటర్ చెస్ట్‌నట్ డబ్బా ఒకటి, పెకాన్ పప్పులు గుప్పెడు అని ఉంటుంది. బజారంతా తిరిగినా దొరకవు. చాలామంది ఆ మూడూ వదిలేసి మిగతావి కలిపేస్తారు. అప్పుడు గిన్నెలో మిగిలేది మెత్తని పళ్ల ముద్ద. నాలుగు చెంచాలు తినేసరికి మొహం మొత్తుతుంది. అందులో తీపి ఉంది, పులుపు ఉంది, పంటికి మాత్రం పని లేదు.

ఇలాంటప్పుడు పేరు పట్టుకుని వెతకడం మానేయండి. ఆ దినుసు పంటికింద ఏ చప్పుడు చేస్తుందో తెలుసుకుంటే, అదే చప్పుడు చేసేది మీ ఊరి సంతలో, కొన్నిసార్లు మీ పెరట్లోనే దొరుకుతుంది.

మొదట ఏ చప్పుడు తగ్గిందో తేల్చుకోండి

ఈ లెక్క మన మాటల్లో ఎప్పుడో తేలిపోయి ఉంది. దోరజామకాయను కసుక్కున కొరుకుతాం. జంతికను కరకర నములుతాం. దానిమ్మ గింజ చిటుక్కుమంటుంది. ఈ మూడూ వేరు వేరు సంగతులు. ఒకటి లేని చోట ఇంకొకటి వేస్తే లోటు తీరదు.

కసుక్కుమనే దినుసులో ఉండేది నీటి బిగువు. కాయలోని ఒక్కో కణం నిండా నీళ్లు నింపి మూతి బిగించిన సంచిలా ఉంటుంది. కొరికితే ఆ సంచులు ఒక్కసారిగా పగిలి రసం వస్తుంది. సెలరీ, జికామా (మెక్సికో దుంప), వాటర్ చెస్ట్‌నట్, కొత్త ఆపిల్ ఈ జాతివి. కరకర దీనికి పూర్తిగా ఎదురు. అందులో నీళ్లు లేకపోవడమే బలం. వేయించిన పప్పులు, చిక్కీ, మరమరాలు అటువంటివి. చిటుక్కు ఈ రెండిటికీ నడుమ ఉంటుంది. పలచని పొర, దాని లోపల రసం. దానిమ్మ, గట్టి ద్రాక్ష ఈ కోవలోకి వస్తాయి.

ఈ తేడా వంటింట్లో ఎందుకు పనికొస్తుందంటే, కసుక్కుమనేది నీళ్లు పోతే చెడుతుంది, కరకరలాడేది నీళ్లు తగిలితే చెడుతుంది. ఉప్పో పంచదారో పడగానే కాయ ముక్కల్లోంచి నీరు బయటికి వస్తుంది. ఆ నీరు పక్కనే ఉన్న వేయించిన పల్లీల్లోకి ఇంకుతుంది. ఒకే గిన్నెలో రెండూ ఒకేసారి పాడవుతాయి. మా ఇంట్లో ఒక పుట్టినరోజుకు పొద్దున్నే పని తప్పుతుందని, రాత్రే అన్నీ పెరుగులో కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను. తెల్లారి చూస్తే కీరా ముక్కలు వడిలిపోయాయి, పల్లీలు నానబెట్టిన శనగల్లా మెత్తబడ్డాయి, అడుగున గ్లాసుడు నీళ్లు. దినుసులన్నీ మంచివే, ఖర్చూ బాగానే అయింది, తిన్నవాళ్లు మాత్రం రెండో కప్పు అడగలేదు. అప్పటినుంచి ఏం వేయాలన్నదానితో పాటు ఎప్పుడు వేయాలన్నది కూడా కాగితం మీద రాసుకుంటున్నాను.

చప్పుడు తేలాక ఇంకో చూపు చూడండి. ఆ దినుసు రుచిలో ఏమిస్తోంది? సెలరీలో ఆకుకూర వాసన, కాస్త ఉప్పదనం ఉంటాయి. వాల్‌నట్ పొరలో చేదు, లోపల నూనె ఉంటాయి. వాటర్ చెస్ట్‌నట్‌కి చెప్పుకోదగ్గ రుచి లేదు, లేత తీపి అంతే. చప్పుడు ఒక దినుసు నుంచి, రుచి ఇంకో దినుసు నుంచి తెచ్చుకోవచ్చు. రెండూ ఒక్కదానిలోనే దొరకాలని పట్టుబట్టకండి.

సెలరీకి బదులు అరటి దూట

సెలరీ అడిగే పళ్ల సలాడ్లలో అన్నిటికంటే పేరున్నది వాల్‌డార్ఫ్. 1893లో న్యూయార్క్‌లో తెరిచిన వాల్‌డార్ఫ్ హోటల్ దాని పుట్టిల్లు. అక్కడ భోజనశాల పెత్తనం చూసిన ఆస్కార్ చిర్కీ పేరు మీద అది చెలామణి అయింది. 1896లో అచ్చయిన మొదటి రూపంలో ఉన్నవి ఆపిల్, సెలరీ, మయోనైజ్, అంతే. ఇప్పుడు అందరూ తప్పనిసరి అనుకునే వాల్‌నట్ తర్వాత వచ్చి చేరింది. కాబట్టి అందులో మనం ఒక మార్పు చేస్తే అపచారమేమీ కాదు.

సెలరీ ఒక కాడ. నిండా నీళ్లు, నిలువునా పీచు. మన దగ్గర అచ్చంగా అలాంటిదే ఉంది: అరటి దూట. కొన్ని ఊళ్లలో దవ్వ అంటారు. రావులపాలెం చుట్టుపక్కల అరటితోటల ఊళ్లలో గెల కోశాక చెట్టు నరికేస్తారు. అడిగితే మొదలు ముక్క ఊరికే ఇచ్చే రైతులున్నారు. పట్నాల్లో రైతుబజార్లలో మూరెడు ముక్కలుగా కోసి అమ్ముతారు. పెరుగు పచ్చడిగా దీన్ని తినడం మనకు కొత్త కాదు. పచ్చి దూట మీద నమ్మకం నాకు ఆ పచ్చడి నుంచే వచ్చింది.

ఇలా సిద్ధం చేసుకోండి. పై పట్టలు ఒక్కొక్కటే ఒలుచుకుంటూ పోతే లోపల తెల్లగా, నున్నగా, గోరు గుచ్చితే దిగే బొండు వస్తుంది. అదే కావాలి. గోరు దిగకపోతే ముదిరిందని అర్థం, దాన్ని కూరకు ఉంచండి. లేతదాన్ని రూపాయి బిళ్లంత పలచగా చక్రాలు కోయండి. ఒక్కో చక్రం కోయగానే సాలెగూడులాంటి పీచు సాగుతుంది. దాన్ని చూపుడువేలికి చుట్టి లాగేయండి. ఈ పని బద్ధకించారా, తినేటప్పుడు పళ్లసందుల్లో ఇరుక్కుంటుంది. చక్రాలను చిన్న ముక్కలు చేసి, చిటికెడు ఉప్పు వేసిన పలచని మజ్జిగలో వేస్తూ ఉండండి, లేకపోతే నల్లబడతాయి. పావుగంట తర్వాత వడకట్టి గుడ్డ మీద తడి అద్దేయండి. చేతులకూ బట్టలకూ అరటి మరక పడుతుంది, అది ఒక పట్టాన పోదు. అరచేతికి చుక్క నూనె రాసుకుని, పాత బట్టల్లో మొదలుపెట్టండి.

దూటకి సెలరీ వాసన లేదు. దానికి కొత్తిమీర కాడలు పెట్టుకోండి. ఆకు వద్దు, కాడలే. సన్నగా తరిగి నలుగురికి ఒక చెంచా. కొత్తిమీర, జీలకర్ర, వాము, సెలరీ ఒకే కుటుంబం మొక్కలు, అందుకే వాసన దగ్గరగా వస్తుంది. వాము వేస్తానంటే నాలుగు గింజలు నలిపి వేయండి, ఎక్కువైతే సలాడ్ కషాయమవుతుంది.

దూట దొరకకపోతే కీరా. నిలువునా చీల్చి మధ్యలో గింజల గుజ్జు చెంచాతో గీకేయండి, సలాడ్‌ను నీళ్లు చేసేది అదే. కోసే ముందు రెండు కొనలూ కొరికి చూడండి. ఒక్క చేదు కాయ గిన్నెడు పళ్లను పాడుచేస్తుంది. క్యాబేజీ కోసినప్పుడు పారేసే మధ్య కాడ కూడా పైన తొక్క చెక్కితే తెల్లగా, తియ్యగా, గట్టిగా ఉంటుంది. అది కీరా కంటే ఎక్కువసేపు బిగువు నిలుపుకుంటుంది.

వాటర్ చెస్ట్‌నట్, జికామా అడిగితే

ముందు ఒక పేరు చిక్కు విప్పుకోవాలి. డబ్బాల్లో అమ్మే వాటర్ చెస్ట్‌నట్ చైనా వంటల్లో వాడే తుంగజాతి గడ్డ. ఉత్తరాది చెరువుల్లో పండే, రెండు కొమ్ములుండే సింగాడా వేరే మొక్క కాయ. ఇంగ్లీషులో రెండిటికీ ఒకే పేరు వాడేస్తారు. పచ్చి సింగాడా కసుక్కుమంటుంది కానీ ఉడికితే పిండిగా మారిపోతుంది. చైనా గడ్డ ఉడికినా, డబ్బాలో నెలలు ఉన్నా బిగువు వదలదు, దాని కణాల గోడలు ఒకదానికొకటి అంత గట్టిగా అతుక్కుని ఉంటాయి. సింగాడా దొరికితే వేసుకోండి గానీ, పచ్చి కాయను పంటితో ఒలవకండి. చెరువునీటి తొక్కకు పేగు పరాన్నజీవులు అంటుకుని ఉండొచ్చు. బాగా కడిగి, చాకుతో తొక్క తీసి, లోపలి పప్పును మళ్లీ కడిగి, మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ముంచి తీయండి.

వాటర్ చెస్ట్‌నట్‌కీ జికామాకీ ఏడాది పొడుగునా దొరికే బదులు సీమవంకాయ. బెంగళూరు వంకాయ అన్నా అదే. కూరకే అనుకుంటాం గానీ పచ్చిగా కొరికి చూడండి, కీరాకీ ఆపిల్‌కీ మధ్యలో ఉంటుంది. తొక్క తీసేటప్పుడు జిగురు కారి చేతులు బిగుసుకుపోతాయి. నీళ్ల గిన్నెలో ముంచి తీస్తే ఆ బాధ లేదు. మధ్యలో గింజ తీసేసి, వేలి గోరంత ముక్కలు చేసి, మరిగే ఉప్పునీళ్లలో ఒక నిమిషం వేసి, వెంటనే ఐసు నీళ్లలోకి తీయండి. పచ్చి వాసన పోతుంది, బిగువు ఉంటుంది. ఒక నిమిషం అంటే ఒక నిమిషమే.

హైదరాబాద్‌లో ఉన్నవారికి నూల్‌కోల్ (క్యాబేజీ జాతి గడ్డ) ఇంకా బాగుంటుంది. తొక్క మందంగా చెక్కాలి, పీచు అంతా అక్కడే. జికామాకి రుచిలో కాస్త దగ్గరగా వచ్చేది గట్టి నాసపాతి, గులాబీ జామ. గులాబీ జామ నీళ్లతో నిండి ఉంటుంది కాబట్టి కోసిన అరగంటలో తినేయాలి.

చలికాలంలో గోదావరి జిల్లాలకు వెళ్తే, తేగల పాతర తవ్వే రోజుల్లో, మొలకెత్తిన తాటిబుర్రలు కొట్టి బుర్రగుంజు తీస్తారు. తెల్లగా, తేలిగ్గా, కొరికితే లేత తీపి నీరు ఊరుతుంది. సలాడ్‌లో దీనికి సాటి వచ్చేది నాకు ఇంతవరకు కనపడలేదు. రోడ్డు పక్కన అమ్మే కొబ్బరి పువ్వు కూడా దీని చుట్టమే. ఈ రెండూ గాలి తగిలితే మెత్తబడతాయి, అందుకని చివర్లో కోయండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. తెలంగాణలో కందగడ్డ అంటే చిలగడదుంప. పచ్చిది కూడా పిల్లలు కొరుక్కు తింటారు, సన్నగా తరిగి కొద్దిగా సలాడ్‌లో వేసుకోవచ్చు. కోస్తాలో కంద అంటే వేరే దుంప. అది పచ్చిగా నోట్లో పడితే నాలుక, గొంతు దురదతో మండిపోతాయి. వేరే జిల్లావాళ్లు చెప్పిన వంటకంలో ఈ మాట ఉంటే, దుంప ఏ రంగు, లోపల ఎలా ఉంటుంది అని అడిగాకే వేయండి.

వాల్‌నట్, పెకాన్ బదులు

చిన్న ఊళ్లలో దొరికే వాల్‌నట్ చాలాసార్లు ముక్కిపోయిన వాసన వేస్తుంది. దాంట్లో నూనె ఎక్కువ, ఎండకు త్వరగా చెడుతుంది. అలాంటిది ఎక్కువ ధర పెట్టి కొనేకంటే తాజా పల్లీలు వేయి రెట్లు నయం. పల్లీలను సన్నని సెగ మీద ఓపిగ్గా వేయించండి, పొట్టు తీయకండి. వాల్‌నట్‌లో ఉండే కొంచెం వగరు ఆ పొట్టు ఇస్తుంది. చల్లారాక బరకగా దంచుకోండి. పెకాన్‌లో ఉండే వెన్నలాంటి మెత్తదనం కావాలంటే జీడిపప్పు. పలాసదో వేటపాలెందో గుండు పప్పే కానక్కరలేదు, ఎలాగూ విరుస్తాం కాబట్టి బద్దలు, ముక్కలు చాలు, ధర కూడా కలిసొస్తుంది. జీడిపప్పు ఒక్కటే వేస్తే మరీ మెత్తని రుచి అవుతుంది, సగానికి సగం పల్లీలు కలపండి.

తడి తగిలినా కాసేపు కరకర నిలవాలంటే బెల్లం పూత వేయండి. అర కప్పు పప్పులకు రెండు చెంచాల బెల్లం, ఒక చెంచా నీళ్లు. పాకం చుక్క నీళ్లలో వేస్తే టక్కున విరిగేదాకా రానిచ్చి, పప్పులు వేసి తిప్పి, నెయ్యి రాసిన పళ్లెంలో విడివిడిగా పరవండి. అంత ఓపిక లేకపోతే కొట్లో పల్లీ చిక్కీ కొని దంచేయండి. వచ్చినవాళ్లలో పల్లీలు పడనివారు ఎవరైనా ఉన్నారా అని ముందే అడగండి. ఉంటే గుమ్మడి గింజల పప్పు, పుచ్చగింజల పప్పు వాడండి.

గ్రానోలా (వేయించిన ఓట్స్, పప్పుల మిశ్రమం) చల్లమని ఉంటే పని సులువు. పేపరు అటుకులను పొడిగా వేయించి, చెంచా నెయ్యి, చిటికెడు దాల్చినచెక్క పొడి కలపండి. మరమరాలైనా సరే, రాయలసీమలో బొరుగులంటారు. జొన్న పేలాలు ఇంకా మంచివి. తొలి ఏకాదశికి పేలపిండి చేసే ఇళ్లలో ఇవి కొత్తగా పరిచయం చేయక్కరలేదు.

ఆపిల్ పిండిలా ఉంటే

ఇది చాలామంది గమనించని చోటు. ఆపిల్ దొరుకుతుంది, కానీ కొరికితే కసుక్కనదు. కాశ్మీర్, హిమాచల్ కాయ ఆగస్టు నుంచి శీతాకాలం మొదలయ్యేదాకా కొత్తగా వస్తుంది. వేసవిలో మనకు వచ్చే దాంట్లో చాలా భాగం శీతల గిడ్డంగుల్లో నెలలు గడిపిన కాయ. దాన్ని ఐసు నీళ్లలో పెట్టినా పెద్దగా లాభం లేదు. వడిలిన కీరా, క్యాబేజీ ఐసు నీళ్లలో ఇరవై నిమిషాలుంటే మళ్లీ బిగుస్తాయి, ఎందుకంటే కణం బాగానే ఉంది, నీరే తగ్గింది. పిండైన ఆపిల్‌లో కణాలను పట్టి ఉంచే జిగురే కరిగిపోయింది.

వేసవిలో ఆపిల్ పక్కన పెట్టి మామిడికి వెళ్లండి. కొబ్బరి మామిడి, లేదా కలెక్టర్ కాయ దోరగా ఉన్నప్పుడు. పులుపు ఉంటుంది కాబట్టి నిమ్మరసం తగ్గించుకోవాలి. చలికాలంలో దోరజామ, గింజల భాగం తీసేసి. ఆపిల్ రేగు దొరికే రోజుల్లో అది కూడా. గట్టి రకం పనస తొనలు సన్నగా చీరి వేస్తే కొరుకుడూ తీపీ రెండూ వస్తాయి, వాసన మాత్రం మిగతా పళ్లన్నిటినీ మింగేస్తుంది. పనస వేసిన రోజు ఇంకేమీ పెద్దగా వేయకండి.

దానిమ్మ ధర మండిపోతుంటే గట్టి ద్రాక్షను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి అడ్డంగా సగానికి కోయండి, చాలు.

నలుగురికి కొలత, కలిపే వరస

రెండు ఆపిల్స్ లేదా మూడు దోరజామలు, ముప్పావు కప్పు దూట లేదా సీమవంకాయ ముక్కలు, ఒక కప్పు ద్రాక్ష, అర కప్పు వేయించిన పప్పులు. మయోనైజ్ బదులు ముప్పావు కప్పు గట్టి పెరుగు. పలచని గుడ్డలో మూటకట్టి అరగంట వేలాడదీసిన పెరుగైతే నీరు కారదు. అందులో చెంచా తేనె, చెంచా నిమ్మరసం, మిరియాల పొడి, కొత్తిమీర కాడలు. ఈ పెరుగులోకి ఉడికించని అనాస, బొప్పాయి వేయొద్దు. వాటిలోని ఎంజైములు పాల మాంసకృత్తులను విరగ్గొట్టి కాసేపట్లో చేదు తెస్తాయి. పాలు పోసి చేసే కస్టర్డ్ సలాడ్‌కీ ఇదే మాట. అనాస తప్పదంటే ముక్కలను పంచదారతో కాసేపు ఉడికించి చల్లార్చి వేయండి, అప్పుడు ఆ గొడవ ఉండదు.

ఉదయం చేసి పెట్టుకోగలిగినవి మూడే: పెరుగు మూట, వేయించిన పప్పులు, ఐసు నీళ్లలో దూట లేదా సీమవంకాయ. పప్పులు పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోసి మూత బిగించండి, వేడి మీద మూత పెడితే లోపలి ఆవిరే వాటిని మెత్తబరుస్తుంది. వడ్డించడానికి అరగంట ముందు ఆపిల్ కోసి, నాలుగు కప్పుల నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి అయిదు నిమిషాలు ముంచి, మంచినీళ్లతో కడిగేయండి. రంగు మారదు. ఆ తర్వాత ప్రతి ముక్కకూ తడి అద్దండి. తడి ఆరని ముక్కలకు పెరుగు పట్టదు, జారి అడుగుకు చేరుతుంది.

కాయలన్నీ పెరుగులో పావుగంట ముందు కలపండి. సలాడ్‌ను కప్పుల్లోకి తీశాక, పైన చిటికెడు ఉప్పు. పప్పులు, అటుకులు కూడా అప్పుడే, ఒక్కో కప్పు మీద విడిగా. పెద్ద విందైతే పప్పులు వేరే గిన్నెలో పెట్టి ఎవరికి వారు చల్లుకునేలా చేయండి. కోసిన పళ్లు బయట రెండు గంటలకు మించి ఉంచకండి, మన ఎండల్లో గంటే.

అమెరికాలో ఉన్నవారికి

మీ ఇబ్బంది తలకిందులు. అక్కడ సెలరీ ఏ కొట్లోనైనా ఉంటుంది, దూట, కొబ్బరి మామిడి, బుర్రగుంజు అంత సులువుగా దొరకవు. కొబ్బరి మామిడికి పుల్లని ఆకుపచ్చ ఆపిల్, గ్రానీ స్మిత్, వేసుకోండి. బుర్రగుంజు, సీమవంకాయ బదులు మెక్సికన్ దుకాణాల్లో జికామా తీసుకోండి. అది వాళ్ల నేలలో పుట్టిన దుంప. మనం మామిడికాయ ముక్కలకు ఉప్పూ కారం అద్దినట్టే వాళ్లు దాని మీద నిమ్మకాయ పిండి కారం చల్లి తింటారు. సీమవంకాయ కూడా అక్కడే చాయోటే పేరుతో ఉంటుంది. జికామా ఎంచుకునేటప్పుడు చిన్నదీ, బరువుగా ఉన్నదీ, తొక్క ముడతలు పడనిదీ చూడండి. పెద్దవాటిలో పీచు ఎక్కువ. తొక్కతో పాటు దాని కింద ఉండే పీచు పొర కూడా చాకుతో లాగేసి, తెల్లని భాగమే వేయండి. దాని గింజలు మాత్రం విషం, దుంప తప్ప ఆ మొక్కలో ఇంకేదీ తినకండి.